దగ్గు దుమ్ముదేనా? – మన ఒంట్లోని టి-కణాలూ, క్షయ జబ్బూ

(కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంత మిల్లు కార్మికుల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వారు నన్ను పిలిచి, రోగ నిరోధక శక్తి గురించి మాట్లాడమన్నారు. మాట్లాడేది మన తెలుగులోనే మాట్లాడమన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. మనకు ఇంట్లో తెలుగు, మిల్లులో తమిళం, డాక్టరు రాసే చీటీ మీద ఇంగ్లీషు. ఆ చీటీలోని సంగతి మన పొయ్యి దగ్గరికి వచ్చేసరికి సగం జారిపోతుంది. ఆ జారిపోయిన సగం కోసమే ఈ ప్రసంగం.

నేను డాక్టర్ని కాను. ప్రభుత్వాసుపత్రి లాబరేటరీలో ముప్ఫై ఏళ్ళు కళ్ళె పరీక్షలు చేసి రిటైరైన వాణ్ణి. కార్డింగ్‌లో పనిచేసిన ఒక కార్మికుడి కొడుకుని.

మా నాయన సంగతి ముందుగా చెప్పాలి. 1978లో ఆయనకు దగ్గు పట్టుకుంది. మిల్లులో అడిగితే "పంజు దుమ్ము అన్నా, అందరికీ ఉండేదే" అన్నారు. ఇంట్లో అమ్మ మిరియాల కషాయం పెట్టింది. నాలుగు నెలలు గడిచాయి. ఒళ్ళు తగ్గింది, సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు. చివరికి కళ్ళెలో రక్తం పడితే ఆసుపత్రికి పోయాడు. క్షయ అన్నారు. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకే దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది. "బాగైపోయింది కదా" అని మందు మానేశాడు. సంగతి తెలిస్తే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఏడాదిలోపే జబ్బు తిరగబడింది. 1981లో పోయాడు.

ఆయన ఒంట్లో ఏం జరిగిందో నాకు చాలా ఏళ్ళ తరవాత, లాబరేటరీలో కూర్చుని చదువుకుంటే అర్థమైంది. అది మా నాయనకు ఎవరైనా ఒక గంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే మందు మానేవాడు కాదేమో. ఆ గంట మాట ఇవాళ మీకు చెబుతాను.

రెండు కాపలాలు

మన ఒంటికి రెండు రకాల కాపలా ఉంది. మొదటిది పుట్టుకతో వచ్చేది. చర్మం, ముక్కులోని చీమిడి, కడుపులోని ఆమ్లం, రక్తంలో తిరుగుతూ కనిపించిన క్రిమినల్లా మింగే తెల్ల కణాలు. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది ఈ కాపలా. వచ్చినవాడు ఎవడైనా బయటివాడైతే ఆపుతాడు. అతని దగ్గర పేర్ల జాబితా ఉండదు. నిన్న వచ్చిన దొంగను ఇవాళ ప్రత్యేకంగా గుర్తుపట్టడు.

రెండవ కాపలా నేర్చుకునేది. ఒక్కొక్క క్రిమిని విడివిడిగా గుర్తుపడుతుంది, దానికి తగిన బలగాన్ని తయారు చేస్తుంది, పని అయ్యాక కూడా గుర్తు పెట్టుకుంటుంది.

ఈ సంగతి మన పెద్దలకు అనుభవంలో తెలుసు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే వాకిట్లో వేపమండలు కట్టేవారు, ఇరుక్కన్‌గుడి మారియమ్మకు మొక్కుకునేవారు. రోగి దగ్గర కూర్చుని సేవ చేసే పని ఎవరికి అప్పగించేవారు? ఇదివరకే అమ్మవారు పోసి బతికినవాళ్ళకు. వాళ్ళకు మళ్ళీ రాదని తెలుసు. ఎందుకు రాదో తెలియదు, అంతే. మశూచికి టీకాలు వేసింది కూడా ఈ జ్ఞాపకశక్తిని నమ్ముకునే. మన దేశంలో ఆ జబ్బు 1975లో ఆగిపోయింది. ప్రపంచమంతటా పోయిందని 1980లో ప్రకటించారు. ఒంటి జ్ఞాపకం ఒక జబ్బునే లోకం నుంచి తరిమేసింది.

ఈ నేర్చుకునే కాపలాలో రెండు రకాల తెల్ల కణాలు ముఖ్యం. బి-కణాలు, టి-కణాలు. బి-కణాలు రక్తంలోకి యాంటీబాడీలను వదులుతాయి. అవి రక్తంలోనూ, ఒంటి ద్రవాల్లోనూ తిరిగే క్రిములకు అంటుకుని పట్టిస్తాయి. అయితే కొన్ని క్రిములు మన కణాల లోపలికే దూరి దాక్కుంటాయి. తలుపేసుకుని లోపల కూర్చున్నవాణ్ణి యాంటీబాడీ ఏమీ చేయలేదు. అక్కడ పని టి-కణాలది. క్షయ క్రిమి అలా దాక్కునే జాతిదే.

టి-కణం ఎక్కడ తయారవుతుంది?

రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. ఎన్నో ఏళ్ళు డాక్టర్లు దాన్ని పనికిరాని మాంసపు ముద్ద అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు లండన్‌లో అప్పుడే పుట్టిన ఎలుకల నుంచి దాన్ని తీసేసి చూశాడు. ఆ ఎలుకలు మామూలు జబ్బులకు కూడా తట్టుకోలేక చచ్చిపోయాయి. థైమస్ పని అప్పుడు తెలిసింది. దాని పేరులోని మొదటి అక్షరమే టి-కణానికి వచ్చింది.

ఎముక మూలుగులో పుట్టిన పిల్ల కణాలు థైమస్‌కు చేరి అక్కడ తరిఫీదు పొందుతాయి. ప్రతి కణమూ ఒక ప్రత్యేకమైన పట్టుకొక్కెం తయారు చేసుకుంటుంది. ఏ రెండింటి కొక్కేలూ సాధారణంగా ఒకటి కావు. అది ఏ క్రిమికి పనికొస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఎప్పుడూ చూడని క్రిమి వచ్చినా దానికి సరిపడేది ఎక్కడో ఒకటి ఉండేలా ప్రకృతి లెక్కలేనన్ని రకాలు చేసి పెడుతుంది.

తరవాత పరీక్ష పెడుతుంది. ఏమీ పట్టుకోలేని కణం పనికిరాదు. మన సొంత ఒంటినే గట్టిగా పట్టుకునే కణం ప్రమాదం. ఈ రెండు రకాలనూ అక్కడే చంపేస్తుంది. నూటికి తొంభై అయిదుకు పైగా కణాలు ఈ పరీక్షలో తప్పి పోతాయి. మిగిలిన కొద్దే బయటికి వచ్చి డ్యూటీలో చేరతాయి.

టి-కణాల్లో మూడు రకాలు తెలుసుకుంటే మనకు చాలు. ఒకటి సహాయక కణం. ఇది స్వయంగా చంపదు, మిగతా కణాలకు హుకుం ఇస్తుంది, బలం ఇస్తుంది. రెండు, చంపే కణం. వైరస్ దూరిన మన కణాన్ని గుర్తుపట్టి, ఆ వైరస్ పెరగకముందే కణంతో సహా నాశనం చేస్తుంది. మూడు, అదుపు కణం. పోరాటం మితిమీరి సొంత ఒంటినే కాల్చకుండా బ్రేకు వేస్తుంది. ఈ అదుపు కణాల సంగతి కనిపెట్టిన జపాన్, అమెరికా శాస్త్రజ్ఞులు ముగ్గురికి – సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్ – 2025లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ళలు కడతాయి. మనందరం చూసిందే. ఆ బిళ్ళలే టి-కణాలు కలుసుకునే చోట్లు.

గాయం దగ్గర కాపలా కణం ఒకటి క్రిమిని మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను తన పైన అతికించుకుని ఆ బిళ్ళ దగ్గరికి పోతుంది. అక్కడ వేలకు వేల టి-కణాలు వరసగా వచ్చి ఆ ముక్కను తడిమి చూస్తాయి. సరిపోయే కొక్కెం ఉన్నది లక్షలో ఒకటో, పది లక్షల్లో ఒకటో ఉంటుంది. అది దొరికే వరకు వెతుకులాటే. దొరికాక ఆ ఒక్క కణం రెండై, నాలుగై, ఎనిమిదై, కొన్ని రోజుల్లో వేలకు వేలవుతుంది. అందుకే బిళ్ళ ఉబ్బుతుంది. బిళ్ళ కట్టిందంటే లోపల ఆళ్ళను చేర్చుకుంటున్నారని అర్థం.

ఒక సంగతి గమనించండి. టి-కణం క్రిమిని నేరుగా చూడదు. మన సొంత కణం చేతిలో పెట్టి చూపిస్తేనే చూస్తుంది. దీన్ని 1970లలో ఆస్ట్రేలియాలో పనిచేస్తూ కనిపెట్టినవారు డోహర్టీ, జింకర్‌నాగెల్. వారికి 1996లో నోబెల్ ఇచ్చారు. క్రిమి మన కణం లోపల ఎంత దాక్కున్నా, దాని ముక్క ఒకటి ఆ కణం పైన కనిపిస్తుంది. టి-కణానికి ఆ ఆనవాలు చాలు.

పోరాటం ముగిశాక ఈ వేల కణాల్లో చాలామటుకు చచ్చిపోతాయి. కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా ఏళ్ళ తరబడి ఉంటాయి. మళ్ళీ అదే క్రిమి వస్తే వెతుకులాట అక్కరలేదు. వెంటనే దిగుతాయి.

క్షయ క్రిమి వచ్చినప్పుడు

క్షయ క్రిమిని 1882లో జర్మనీలో రాబర్ట్ కాక్ కనిపెట్టాడు. రోగి దగ్గినప్పుడు గాలిలోకి వచ్చి, పక్కవాడి ఊపిరితో లోపలికి పోతుంది. కంచం వల్ల, బట్టల వల్ల, చెయ్యి పట్టుకున్నందువల్ల రాదు.

ఊపిరితిత్తిలో తినే కణం దాన్ని మింగుతుంది. మామూలు క్రిమి అయితే అక్కడితో అరిగిపోతుంది. క్షయ క్రిమికి మైనం లాంటి పొర ఉంది. అది అరగదు. మింగిన కణం కడుపులోనే కాపురం పెట్టి మెల్లగా పెరుగుతుంది. కబురు బిళ్ళ దగ్గరికి చేరడానికి కూడా ఆలస్యం చేయిస్తుంది. మామూలు జలుబుకు వారంలో లేచే టి-కణాల బలగం క్షయకు లేవాలంటే రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

చివరికి సహాయక టి-కణాలు ఊపిరితిత్తికి చేరి, క్రిమిని మింగి కూర్చున్న ఆ తినే కణానికి ఒక రసాయనపు హుకుం ఇస్తాయి. దాని పేరు ఇంటర్‌ఫెరాన్ గామా. ఆ హుకుం అందితే అరిగించలేని కణానికి అరిగించే బలం వస్తుంది. చావని క్రిముల చుట్టూ కణాలన్నీ దడి కట్టినట్టు కూడి, ఒక గడ్డలాగా చేసి లోపల బంధిస్తాయి. క్రిమి చావదు, బయటికి రాదు. మనిషికి దగ్గు ఉండదు, జ్వరం ఉండదు, ఎవరికీ అంటించడు.

ఇలా క్రిమిని లోపల బంధించుకుని ఆరోగ్యంగా తిరిగేవారు మన దేశంలో కోట్ల మంది. ఈ హాల్లో కూడా కొందరం ఉంటాం. వీరిలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి అయిదు నుంచి పది మంది. మిగిలిన తొంభై మందిని కాపాడేది ఆ దడి. దడి చుట్టూ రాత్రింబవళ్ళు మూడు షిఫ్టులూ కాపలా కాసేది టి-కణాలు.

ముంజేతికి సూది వేసి 48 నుంచి 72 గంటల తరవాత వచ్చి వాపు చూపించమనే పరీక్ష ఉంది. మాంటూ పరీక్ష. ఆ వాపు టి-కణాల జ్ఞాపకమే. క్షయ క్రిమిని ఎప్పుడో చూసిన కణాలు అక్కడికి నడిచి రావడానికి ఆ రెండు మూడు రోజులు పడతాయి. వాపు ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, క్రిమితో పరిచయం ఉన్నట్టు.

జబ్జ మీద మచ్చ కూడా ఈ కోవలోదే. బి.సి.జి. టీకా మన దేశంలో 1948లో మొదలైంది. మొదలుపెట్టిన చోట్లలో మన తెలుగునాట మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం పేరు పెద్దలకు గుర్తుండాలి. ఆ ఏడాదే మద్రాసు గిండీలో టీకా తయారీ కేంద్రం పెట్టారు. తరవాత 1968 నుంచి చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షల మందికి పైగా జనంతో పెద్ద పరిశోధన చేశారు. 1979లో ఫలితం వచ్చింది. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేకపోయింది. పసిపిల్లలను మెదడు క్షయ వంటి ఘోరమైన రకాల నుంచి మాత్రం ఇది కాపాడుతుంది. అందుకే ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు, తప్పక వేయించాలి. కానీ చిన్నప్పుడు టీకా వేయించుకున్నాను కదా అని నలభై ఏళ్ళ మనిషి దగ్గును నిర్లక్ష్యం చేయకూడదు.

దడి ఎప్పుడు తెగుతుంది?

టి-కణాలు బలహీనపడినప్పుడు తెగుతుంది. దీనికి కళ్ళెదుటి రుజువు ఎయిడ్స్. 1986లో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి హెచ్.ఐ.వి.ని మన దేశంలో మొట్టమొదట బయటపెట్టింది మద్రాసులోనే. ఆ వైరస్ దూరేది సహాయక టి-కణంలోకే. హుకుం ఇచ్చేవాడే పోతే మిగతావాళ్ళు ఏం చేస్తారు? అందుకే హెచ్.ఐ.వి. ఉన్నవాళ్ళలో క్షయ పదిరెట్లకు పైగా ఎక్కువ. 2004 నుంచి దానికీ ప్రభుత్వం ఉచితంగా మందులిస్తోంది. మందు వాడితే టి-కణాలు మళ్ళీ పెరుగుతాయి.

రెండవది చక్కెర జబ్బు. అదుపు తప్పిన చక్కెర క్షయను రెండు మూడు రెట్లు పెంచుతుంది. మూడవది బీడీ, సిగరెట్టు. నాలుగవది రాతి దుమ్ము. క్వారీల్లో, క్రషర్లలో పనిచేసేవారి ఊపిరితిత్తుల్లో తినే కణాలు ఆ రాతి పొడిని మింగి తామే చచ్చిపోతాయి. టి-కణం హుకుం ఇచ్చినా వినేవాడు ఉండడు.

అన్నిటికంటే పెద్దది అయిదవది. చాలని తిండి. పోషణ లేకపోతే థైమస్ ముడుచుకుపోతుంది. ఒక కణం వేల కణాలు కావాలంటే ముడిసరుకు కావాలి. పత్తి లేకుండా నూలు వస్తుందా? పప్పు, గుడ్డు, శనగలు లేకుండా టి-కణాల బలగం కూడా రాదు. మన దేశంలో క్షయకు అతి పెద్ద కారణం ఇదే.

మందు పనీ, తిండి పనీ

ఇక్కడ మీలో ఎవరైనా అడగవచ్చు. "తిండే అంత ముఖ్యమైతే మందెందుకు?" దీనికి జవాబు కూడా మన మద్రాసులోనే ఉంది.

1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. అప్పటి వరకు రోగిని శానటోరియంలో పడుకోబెట్టి, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇస్తేనే నయమవుతుందని నమ్మకం. పేదవాడికి అక్కడ మంచం దొరికేది కాదు. ఈ కేంద్రం రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని శానటోరియంలో, ఇంకో భాగాన్ని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి ఇద్దరికీ ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళ తిండి తక్కువ, పని ఎక్కువ. అయినా 1959లో వచ్చిన ఫలితం చూస్తే రెండు భాగాల్లోనూ దాదాపు సమానంగా నయమైంది. ఇంట్లోవాళ్ళకు అదనంగా అంటుకోలేదు కూడా. ఆ ఫలితంతో ప్రపంచమంతటా ఇంటి దగ్గర వైద్యం మొదలైంది. కాబట్టి జబ్బు వచ్చాక నయం చేసేది మందే. ఏ లేహ్యమూ, ఏ టానిక్కూ, ఏ పథ్యమూ దాని స్థానంలో నిలబడవు.

మరి తిండి ఏం చేస్తుంది? 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లో ఒక పరిశోధన జరిగింది. 2,800 మంది రోగులు, వాళ్ళ ఇళ్ళల్లోని 10,345 మంది. రోగులందరికీ తిండి సరుకులు ఇచ్చారు. ఇంట్లోవాళ్ళలో ఒక భాగానికి కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చారు. ఇంకో భాగానికి ఇవ్వలేదు. 2023లో ఫలితం ప్రకటించారు. సరుకులు అందిన ఇళ్ళల్లో కొత్తగా క్షయ పడేవాళ్ళు 39 శాతం తగ్గారు. అంటించే రకం ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. రోగుల్లో కూడా మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్ళలో చావులు బాగా తగ్గాయి.

బియ్యం, పప్పు! కొత్త టీకా కాదు, కొత్త యంత్రం కాదు. బడిపిల్లలకు మధ్యాహ్నం అన్నం పెట్టించిన కామరాజ్ పుట్టిన విరుదునగర్‌లో ఈ మాట ఎక్కువ వివరించనక్కర లేదు. తిండి దడిని నిలబెడుతుంది. దడి తెగాక మందు కావాలి. రెండూ కావాలి, ఒకదాని బదులు ఒకటి కాదు.

మందు ఆరు నెలలు ఎందుకు?

మా నాయన చేసిన తప్పు ఇక్కడుంది. మందు మొదలెట్టిన కొద్ది వారాల్లో చురుగ్గా పెరిగే క్రిములు చస్తాయి. దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, అంటించే గుణం కూడా బాగా తగ్గుతుంది. మనిషి నయమైంది అనుకుంటాడు. దడి లోపల నిద్రపోతున్నట్టు పడి ఉన్న క్రిములు మాత్రం చావవు. పెరగని క్రిమి మీద మందు మెల్లగా పనిచేస్తుంది. వాటిని ఏరి పారేయడానికే మిగిలిన నెలలు. మధ్యలో మానితే మిగిలినవి లేస్తాయి. కొన్ని ఆ మందుకే లొంగని మొండి క్రిములవుతాయి. అవి మన నుంచి పిల్లలకు అంటితే వాళ్ళకు మామూలు మందు పనిచేయదు.

ఇంకో సంగతి. క్షయలో ఊపిరితిత్తికి పడే చిల్లులు కొంతవరకు మన పోరాటం చేసిన నష్టమే. కణాలు క్రిమి మీద వేసే దెబ్బ పక్కనున్న మన కండకూ తగులుతుంది. పోరాటం ఎంత కాలం సాగితే అంత నష్టం. ఆలస్యంగా మందు మొదలుపెట్టినవాడు క్రిమి చచ్చాక కూడా ఆయాసంతో మిగలడానికి కారణం ఇదే. త్వరగా కనిపెడితే ఊపిరి మిగులుతుంది.

దుమ్ము దగ్గా, క్షయ దగ్గా?

మిల్లులో మనకు ఉన్న అసలు ప్రమాదం ఇది. మనకు పత్తి దుమ్ముతో నిజంగానే ఒక జబ్బు వస్తుంది. దాని పేరు బిసినోసిస్. బ్లో రూం, కార్డింగ్ వాళ్ళకు ఎక్కువ. వారాంతపు సెలవు తరవాత మొదటి రోజు డ్యూటీలో ఎద బిగదీసినట్టు ఉంటుంది, తరవాతి రోజుల్లో తగ్గుతుంది. ముదిరితే రోజూ ఉంటుంది. ఇది అంటుకోదు. వృత్తి వ్యాధుల పట్టికలో ఉన్న జబ్బు ఇది, పరిహారం అడగడానికి హక్కు ఉంది.

క్షయ దగ్గు సెలవు రోజు చూసి రాదు. వారాల తరబడి ఉంటుంది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమట, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం. వీటిలో అన్నీ ఉండాలని లేదు. రెండు జబ్బులూ ఒకే మనిషికి ఉండవచ్చు. అందుకని నోటి లెక్కతో తేల్చకండి. రెండు వారాలు దాటిన ఏ దగ్గైనా కళ్ళె పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఇప్పుడు జీన్ పరీక్ష వచ్చింది, మందుకు లొంగని రకమో కాదో కూడా గంటల్లో చెబుతుంది. కళ్ళె ఇచ్చేటప్పుడు ఉమ్ము ఇవ్వకండి. పొద్దున్నే ఎదలోంచి దగ్గి తీసింది ఇవ్వండి. ముప్ఫై ఏళ్ళలో ఎన్నో డబ్బాల్లో ఉత్త ఉమ్ము చూశాను, అందుకే చెబుతున్నాను.

హాస్టళ్ళలో ఉండే చెల్లెళ్ళకు ఒక మాట. ఒకే గదిలో పదిమంది, కిటికీలు మూసి పడుకుంటే ఒకరి దగ్గు పదిమందిది. కిటికీ తెరవమని అడగడం తప్పు కాదు. జబ్బు సంగతి తెలిస్తే పెళ్ళి కాదని దాచకండి. ఆరు నెలలు మందు వాడినవాళ్ళు మామూలు మనుషులే. దాచినవాళ్ళనే మనం పోగొట్టుకున్నాం.

మనం చేయవలసినవి, అడగవలసినవి

ఒకటి. దగ్గు రెండు వారాలు దాటిన తోటి కార్మికుణ్ణి వెంటబెట్టుకుని పరీక్షకు తీసుకుపోవాలి. "పో" అనడం వేరు, తోడు పోవడం వేరు.

రెండు. మందు మొదలుపెట్టినవారి ఇంట్లో అందరికీ పరీక్ష చేయించాలి. జబ్బు లేనివారికి ముందుజాగ్రత్త మాత్రలు ఉన్నాయి, అడిగి తీసుకోవాలి.

మూడు. క్షయ రోగికి వైద్యం జరిగినంత కాలం ప్రభుత్వం తిండి ఖర్చుకు డబ్బు ఇస్తుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైంది. 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు. బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చి రాబట్టుకోవాలి.

నాలుగు. ఇ.ఎస్.ఐ. ఉన్నవారు గుర్తుంచుకోండి. మామూలు జబ్బు సెలవుకు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజులు. క్షయ వంటి దీర్ఘరోగాలకు, రెండేళ్ళ సర్వీసు, కావలసిన చందా రోజులు ఉన్నవారికి, కూలిలో 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. పని పోతుందని భయపడి మందు మానేయవలసిన అవసరం లేదు. భయపెట్టేవారు ఉంటే సంఘానికి చెప్పండి.

అయిదు. మిల్లులో దుమ్ము లాగే యంత్రాలు నడవాలి, మాస్కులు ఇవ్వాలి, ఏటా ఎద పరీక్ష చేయించాలి. క్యాంటీన్‌లో పప్పు పలుచన కాకూడదు. కూలి చర్చల్లో గుడ్డు, పప్పు సంగతి మాట్లాడితే కొందరు నవ్వుతారు. జార్ఖండ్ లెక్క చూపించండి.

మన ఒంట్లో టి-కణాలు తమ పని తాము చేస్తున్నాయి. ఎవరూ చూడకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా దడి కాస్తున్నాయి. వాటికి కావలసిన తిండి, గాలి, విశ్రాంతి ఇచ్చే బాధ్యత మనది. దడి తెగినప్పుడు వేళకు మందు అందించే బాధ్యత కూడా మనదే.

మా నాయన దగ్గు దుమ్ముది కాదు. అది తెలుసుకోవడానికి ఒక్క కళ్ళె డబ్బా చాలు. మీ పక్క మిషను దగ్గర ఎవరైనా దగ్గుతున్నారా? ఈ వారమే అడగండి, ఎన్నాళ్ళుగా ఉందని.